ఆల్విన్ తాతయ్య ప్రపంచాన్ని సర్దిన ఆదివారం

1941 డిసెంబరు ఏడో తేదీ, ఆదివారం మధ్యాహ్నం, అమెరికాలో ఒక పల్లె. ఇంట్లో ఉన్నది నలుగురు: తాతయ్య ఆల్విన్ లుండ్‌బర్గ్, నాయనమ్మ హుల్డా, పెళ్ళికాని బాబాయి ఎమిల్, పదిహేనేళ్ళ సిగ్రిడ్. అందరూ కోడికూర ముందు కూర్చున్నారు. సిగ్రిడ్‌కు మాత్రం మూడు రోజులుగా ముద్ద దిగడం లేదు.

ఆ సాయంత్రం చర్చి కింది హాల్లో ఎనభై మంది ముందు తాతయ్య రాసిన ఉపన్యాసం ఆమె అప్పజెప్పాలి. పరాయి దేశాల తగువుల్లో అమెరికా తలదూర్చకూడదని, మన గట్టు దాటి అడుగు వేయకూడదని అందులో పదకొండుసార్లు ఉంది. సిగ్రిడ్ గొంతు ఎంత చిన్నదంటే, ఆమె పిలిస్తే కోళ్ళే పలికేవి కావు.

వాళ్ళ టెలిఫోను తీగ మీద ఎనిమిది ఇళ్ళున్నాయి. ఎవరికి ఫోనొచ్చినా అన్నిళ్ళలోనూ మోగుతుంది, అందుకే ఎవరి గంట వాళ్ళకుంది. లుండ్‌బర్గ్‌ వాళ్ళది రెండు పొడుగు, ఒక పొట్టి. వేరే గంట మోగితే రిసీవరు ముట్టకూడదని తాతయ్య శాసనం. ఆయన పొలానికి వెళ్ళగానే నాయనమ్మ ఊపిరి బిగబట్టి అందరి మాటలూ వినేది. రాత్రి ఆ కబుర్లన్నీ ఆయనే అడిగి మరీ చెప్పించుకునేవాడు.

ఇప్పుడు గంట ఎడతెగకుండా మోగుతోంది. తీగ మీదున్న ఇళ్ళన్నీ ఎత్తాలని దానర్థం.

"మనది కాదు," అన్నాడు తాతయ్య నములుతూ.

"అందరిదీనండీ! ఎక్కడో నిప్పంటుకుని ఉంటుంది," అంది నాయనమ్మ.

"మన కొట్టానికి అంటుకోలేదుగా? ఆ బంగాళాదుంపలు ఇటు జరుపు."

"అంటుకున్నాక ఎత్తుదామంటే ఫోను కూడా మిగలదు నాన్నా," అన్నాడు ఎమిల్.

నాయనమ్మ కళ్ళతో సైగ చేసింది. సిగ్రిడ్ లేచి రిసీవరు ఎత్తింది. ఏడిళ్ళ వాళ్ళు ఒక్కసారే అరుస్తున్నారు. ఆమె వెనక్కి తిరిగి ఏదో గొణిగింది. ఎవరికీ వినిపించలేదు. మూడోసారికి గాని మాట పైకి రాలేదు.

"హవాయిలో మన ఓడల మీద జపాను వాళ్ళు బాంబులేశారట."

తాతయ్య ఫోర్కు గాలిలో ఆగింది. "నీ భూగోళం పుస్తకం పట్రావే."

పళ్ళేలు పక్కకు నెట్టి అందులోని ప్రపంచపటం పరిచాడు. భోజనం చివర యాపిల్ పై ముక్కలు వడ్డించేసరికి ఆయన సగం భూమి చుట్టేశాడు.

"దుక్కులు మొదలయ్యేలోపు జపాను సంగతి తేలుస్తాం. తర్వాత ఆ దీవులెవరు చూసుకుంటారు? మనమే. ఈ సముద్రానికి కాపలా ఎవరు? మనమే."

"పొద్దున మన గట్టు దాటకూడదన్నారు," అంది నాయనమ్మ.

"మన గట్టు అంతదూరం ఉందని పొద్దున నాకెవరు చెప్పారు?"

"సరే, ఆ వేలు కింద ఉన్నది పోర్చుగల్. వాళ్ళేం చేశారు పాపం?"

"ఏమీ చేయకుండా చూడ్డానికే ఒకడుండాలి."

నాయనమ్మ ఎమిల్ పళ్ళెంలో రెండో ముక్క పెట్టింది. అతనికి ఇరవై నాలుగేళ్ళు, యుద్ధానికి పిలిచే వయసు. మొదటి ముక్క ఇంకా అలాగే ఉంది.

బాబాయి వైపు చూస్తే సిగ్రిడ్‌కు గుండె బరువెక్కింది. అయినా ఉపన్యాసం చచ్చిపోయినట్టేనన్న సంతోషం కూడా పక్కనే కూర్చుంది. దానికి ఆమె సిగ్గుపడింది. ఇంతకీ హాల్లో నిలబడాలా, అక్కర్లేదా? అది ఎవరూ చెప్పడం లేదు.

అంతలో పక్క పొలం నైబర్గ్, మరో ఇద్దరు ముసలాళ్ళు వచ్చారు. తాతయ్య వాళ్ళను ముందుగదిలోకి తీసుకెళ్ళాడు. పటం కూడా వెళ్ళింది. సిగ్రిడ్ గుమ్మంలో నిలబడి రెండుసార్లు అడిగింది, ఎవరూ తల తిప్పలేదు. ఆఫ్రికా ఎవరు చూసుకోవాలన్న దగ్గర వాళ్ళు పోట్లాడుకుంటున్నారు.

ఆమె ద్వారబంధం పట్టుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని అరిచింది.

"తాతయ్యా! సాయంత్రం నేను మాట్లాడాలా, అక్కర్లేదా?"

వంటింట్లో గరిటె కింద పడింది.

"అబ్బో! ఆల్విన్, ఈ గొంతు టోక్యో దాకా వినిపిస్తుందయ్యా!" అన్నాడు నైబర్గ్.

తాతయ్య ఛాతీ ఉబ్బింది. "మాట్లాడాలి తల్లీ, నువ్వే మాట్లాడాలి! ఆ పాతది చించెయ్. కొత్తది నువ్వే రాసుకో. మాకిక్కడ ఇంకా ఆసియా అంతా మిగిలే ఉంది," అని ఆమె మొహం మీదే తలుపు వేసేశాడు.