తెల్లదారం తుప్పలు

నా థీసిస్ ముప్పై నాలుగో పేజీలో ఒక వాక్యం ఉంటుంది: ‘ఆకులన్నీ పరిశోధకురాలే స్వయంగా సేకరించింది.’ ఆ పరిశోధకురాలిని నేనే. ఆకులు కోసింది మాత్రం ముత్తక్క.

మాది పెనుబల్లి దగ్గర పల్లెటూరు. బయోటెక్నాలజీ చదివితే ఏసీ ల్యాబ్‌లో తెల్లకోటు వేసుకుని తిరుగుతానని అనుకున్నాను. పీహెచ్‌డీ సీటు మాత్రం వెంకటరామారావు సార్ దగ్గర దొరికింది. ఆయనకి తునికాకు మీద ప్రాజెక్టు ఉంది. అలా 2004లో పినపాక అవతల, అడవి అంచున ఉన్న ఒక గూడేనికి చేరాను.

తునికాకుతో బీడీలు చుడతారు. ఎండలు ముదరకముందే తునికి తుప్పల్ని మొదలంటా నరికేస్తే, నెలన్నరకి లేత ఆకు వస్తుంది. దాన్నే కొమ్మ కొట్టడం అంటారు. కొట్టకపోతే ఏమవుతుందన్నది నా పరిశోధన. నలభై తుప్పలు ఎంచుకుని, కొమ్మ కొట్టాల్సిన ఇరవైకి ఎర్రదారం, ముట్టుకోకూడని ఇరవైకి తెల్లదారం కట్టాను. వాటిని చూసుకునే పని ఆ గూడెంలోనే ఉండే ముత్తక్కకి అప్పజెప్పాను.

“కొట్టకపోతే ఆకు మొరటైతది. గది మా గూడెంల అందరికి ఎరికే. దానికి మూడేండ్లు సూసుడేంది?” అంది ముత్తక్క.

“రుజువు కావాలక్కా.”

“నేను జెప్తున్న గదా.”

ఆమె మొగుడు లచ్చయ్య నోట్లోంచి చుట్ట తీశాడు. “నీ మాటకు స్టాంపు ఉండదే. ఆ పిల్లకు స్టాంపు గావాలె.”

ఏటా మార్చిలో, కొమ్మ కొట్టేటప్పుడు, నేను ఆ తుప్పల దగ్గర ఉండాలి. మొదటి ఏడు సార్ కూతురి శుభలేఖలు పంచాను. రెండో ఏడు ఆయన సెమినార్‌లో భోజనాల సంగతి చూశాను. మూడో ఏడు ఆయన ప్రాజెక్టు రిపోర్టు టైపు చేశాను. మే నెలలో మాత్రం ఎర్రబస్సు దిగి నేరుగా కల్లానికి వెళ్లేదాన్ని. ఊరివాళ్లు తెచ్చిన ఆకు కట్టల్ని కల్లేదారు సమ్మయ్య ఎంచి తీసుకునే చోటు అది. ముత్తక్క నా ఆకులు కోసి, ఎర్రదారం కట్టలూ తెల్లదారం కట్టలూ విడివిడిగా తెచ్చి నా ముందు పెట్టేది. నీడలో కూర్చుని స్కేలుతో కొలిచేదాన్ని. రెండూ ఒకేలా ఉండేవి.

నాకు అనుమానం వచ్చింది. సార్‌కి సంతోషం వచ్చింది.

“కొమ్మ కొట్టడం దండగ అని తేల్చామమ్మా. ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు,” అన్నారు. పేపరు వేశాం. ఆయన పేరు ముందు, నా పేరు వెనక. నేనేమీ అడగలేదు. అనుమానం తీర్చుకోవాలంటే మార్చిలో అడవిలో ఉండాలి, నాకేమో మార్చిలో సార్ పనులుంటాయి.

2008 మార్చికి థీసిస్ పూర్తయింది. నెలాఖరుకి రిజిస్ట్రేషన్ గడువు తీరిపోతుంది. మొదటి పేజీకి ఒక ఫొటో కావాలని సార్ అంటే కెమెరా పట్టుకుని గూడేనికి వెళ్లాను. ఆ రోజుల్లో జనమంతా కొమ్మ కొట్టడానికి అడవిలో ఉండాలి. అందరూ ఇళ్ల ముందే కూర్చుని ఉన్నారు.

“పనికి పోలేదా అక్కా?”

“ఏం పని? ఈ ఏడు కొమ్మ కొట్టుడు కంట్రాక్టరు బంద్ వెట్టిండు. కొట్టకున్నా ఆకు గట్లనే వస్తదని ఎవరో సదువుకున్నోళ్లు రాసిన్రంట.”

“అడివి మొకం సూడనోడు రాసుంటడు,” అన్నాడు లచ్చయ్య.

నేను కెమెరా సంచి జిప్పు తీసి, మళ్లీ వేశాను.

ముత్తక్క వెంట అడవిలోకి నడిచాను. దారి పొడుగునా తునికి తుప్పలు నిరుటి ఆకుతో, దుమ్ము కొట్టుకుని నిలబడి ఉన్నాయి. ఒక్కచోట మాత్రం నేల శుభ్రంగా ఉంది. నలభై మొదళ్లు, కొత్తగా నరికినవి. ఇరవైకి ఎర్రదారం. మిగతా ఇరవైకి తెల్లదారం, ఊడిపోకుండా కిందికి జరిపి కట్టి ఉంది.

“తెల్లవి కూడా కొట్టావా?”

“అవ్. ఏటా కొడ్తనే ఉన్న గదా.”

“వద్దని చెప్పాను కదక్కా.”

“నువ్వు జెప్పినవ్. మొరటాకు తీస్కపోతే మీ సారు ఊకుంటడా? మాయి సమ్మయ్య ఇసిరేసినట్టు నీయి ఆయన ఇసిరేస్తడు. ఆడిపిల్లవు, గంత దూరంకెల్లి వస్తున్నవ్.” ఒక తెల్లదారం ముడి బిగించి, “వాటికి కూలి గూడ అడగలే,” అంది.

మణుగూరు బస్టాండు నుంచి సార్‌కి ఫోన్ చేసి మొత్తం చెప్పాను. ఆయన మధ్యలో ఆపకుండా విన్నారు.

“ఆకులు ఎవరు కోశారని రాశావమ్మా?”

“నేనే అని, సార్.”

“కోశావా?”

మైకులో భద్రాచలం బస్సు ఏ ప్లాట్‌ఫారమ్ మీద ఉందో చెబుతున్నారు. శ్రద్ధగా విన్నాను.

“అబద్ధం ఎక్కడ మొదలైందని అడిగితే ముందు ఆ పేజీయే తీస్తారు. ముప్పై ఒకటిన సబ్మిట్ చెయ్యి. ఫొటో లేకపోయినా పర్లేదు,” అన్నారు.

ముప్పై ఒకటిన సబ్మిట్ చేశాను. కృతజ్ఞతల పేజీలో ముత్తక్క పేరు ఉంది, భోజనం పెట్టినందుకు.

మే నెలలో మళ్లీ వెళ్లాను. ఇంట్లో మాత్రం ఫొటో మిగిలిపోయిందని చెప్పాను.

కల్లంలో సమ్మయ్య కట్టలు విప్పి చూసి పక్కకి విసురుతున్నాడు. “గిది ఆకా, బర్రె తోలా? దీంతోని బీడీలు జేస్తరా, చెప్పులు కుడ్తరా?” వరసలో ఆడవాళ్లు వంగి, విసిరినవి ఏరుకుంటున్నారు. ముత్తక్క కట్టలూ చాలావరకు వెనక్కి వచ్చాయి. ఆమె పక్కన విడిగా పెట్టుకున్న తెల్లదారం కట్టని సమ్మయ్య చేతిలోకి తీసుకున్నాడు.

“ఆకంటే గిది. ఏడ కోసినవే?”

“గది ఈ పిల్లది. అమ్మేది గాదు,” అని లాక్కుని నాకిచ్చింది. “నీ బుక్కు ఇచ్చినవా?”

“ఇచ్చేశా.”

“ఇగ నీకేం ఫికరు లేదు.”

“అక్కా, కొట్టకున్నా ఆకు వస్తుందని రాసింది నేనే.”

ముత్తక్క వెనక్కి వచ్చిన కట్ట ఒకటి ఏరుకుంది. “మల్ల రాయరాదు? రాదని రాయి.”

“అట్లా రాస్తే నాకు డిగ్రీ రాదు.”

ఆమె మళ్లీ కిందికి వంగింది. చెదిరిన ఆకులు సర్దుకుంటోంది. నేను అలవాటుగా కింద కూర్చుని స్కేలు తీశాను. తెల్లదారం ఆకు వెడల్పు తొమ్మిదిన్నర సెంటీమీటర్లు. సమ్మయ్య విసిరిన ఆకు ఐదు, అంచులు పురుగు తిన్నవి. నాలుగేళ్లలో నేను తీసిన సరైన కొలత ఇదొక్కటే. కొట్టకుండా ఉండి నా ఇరవై తెల్లదారం తుప్పలు చూపాల్సింది ఈ ఏడు అడవి మొత్తం చూపింది. నోట్‌బుక్ తెరిచి తేదీ వేశాను.

“ఇప్పుడు కొలిసి ఏం జేస్తవ్?” అంది ముత్తక్క, తలెత్తకుండానే.

తర్వాత లేచి, నా ఒళ్లోని కట్ట తీసుకుంది. తెల్లదారం తెంపేసి, నార చుట్టి, వెళ్లి వరసలో నిలబడింది.