జుమానా చేతిలో మూగ మైకు

నేను ఒక మైకును. మూతికి ఇనుప జాలీ, పొట్టలో గోరంత పొర. మనుషుల ఊపిరి తగిలితే ఆ పొర అదురుతుంది. నా చదువంతా అంతే. పెరిగింది బీరూట్‌లో, జుమానా గుప్పిట్లో.

మొదట్లో ఆమె పెళ్ళిళ్ళకి పాడేది. ఆనక క్యాసెట్లు వచ్చాయి, అరబ్బు దేశాల టాక్సీలన్నిట్లో ఆమె గొంతే. అప్పుడు నాటకాల్లోకి లాక్కొచ్చాడు కంపెనీ యజమాని మున్జిర్. జ్వరమొచ్చినా పాడించాడు, గొంతు బొంగురుపోతే తేనె పట్టించి పాడించాడు. చివరికి గొంతులో కాయ లేచి, డాక్టరు కత్తి పడింది.

ఆమె కోలుకుని వచ్చేసరికి మున్జిర్ పాత గొంతుతో టేపు సిద్ధం చేసి ఉంచాడు. నా తీగ తెరవెనక్కి పోయి, దేనికీ తగిలించకుండా అక్కడ నేలమీద ఊరికే పడుండేది. ఆమె పెదాలు ఆడించాలి, నేను చేతిలో ఉండాలి.

"ఒక్క పాటైనా నన్ను పాడనీ మున్జిర్. గొంతు కిందికి దిగింది గానీ చచ్చిపోలేదు."

"హబీబ్తీ, నా బంగారం, జనం టిక్కెట్టు కొనేది ఆ పాత గొంతుకి. నువ్వు నవ్వుతూ నిలబడు, చాలు."

అయితే మీ పద్యనాటకాల వాళ్ళ జబ్బే అక్కడి వాళ్ళకీ ఉంది. పాట గుండెకి తగిలితే వన్స్‌మోర్ కొడతారు. పాడేవాళ్ళు ఆ చరణం మళ్ళీ అందుకోవాల్సిందే, లేకపోతే జనాన్ని అవమానించినట్టే. ఇంత తెలివైన మున్జిర్ అదొక్కటీ మరిచాడు.

మొదటి ఆటలోనే ముందు వరస ముసలాయన లేచాడు. "ఆహా, తల్లీ! ఆ మాట మళ్ళీ అను!" హాలంతా అందుకుంది. టేపుకి చెవులెక్కడివి? దాని దారిన అది పోతూనే ఉంది. జుమానా పెదాలు ఆగిపోయాయి. పాట ఆగలేదు.

హాలంతా గుసగుసలు. మున్జిర్ కంగారుపడి టేపు ఆపించాడు. అప్పుడు పాడింది జుమానా, ఆ చరణమే, తన గొంతుతో. బొంగురు గొంతు, అడుగున తడి. ఎన్నాళ్ళకో నా పొర అదిరింది. ఏం లాభం? నా తీగ నేలమీదే ఉంది, పాట ముందు నాలుగు వరసల కుర్చీలు దాటలేదు.

"ఎవతిదే ఆ గొంతు? జుమానాది పెట్టండ్రా!" ముందు వరసల్లోంచి ఎవడో అరిచాడు. వెనక నుంచి ఈలలు. అడిగిన ముసలాయన తల దించుకుని కూర్చున్నాడు.

మున్జిర్ టేపు మళ్ళీ వేయించాడు. జుమానా నన్ను నేలమీద పెట్టి దిగిపోయింది. ఖాళీ స్టేజీ మీద ఆమె గొంతు చివరిదాకా పాడింది. చప్పట్లన్నీ దానికే.

ఇప్పుడు అదే థియేటరు వసారాలో, అద్దాల పెట్టెలో ఉన్నాను. 'జుమానా బంగారు గొంతును లోకానికి వినిపించిన మైకు' అని కింద పలక. పక్కన ఆమె పాట రోజంతా మోగుతూ ఉంటుంది.

మొన్నొక నెరిసిన తల ఆడమనిషి వచ్చి ఆ పలక చదివింది. నవ్వింది. మోగుతున్న పాటతో తనూ బొంగురుగా గొంతు కలిపింది. అద్దం అడ్డున్నా నా పొర అదిరింది.

కాపలావాడు విసుక్కున్నాడు. "ష్! కాస్త ఊరుకో పెద్దమ్మా. జుమానా పాట వినేవాళ్ళున్నారిక్కడ."