పూజ చేసిన కొక్కెం

అర అంగుళం రింగు పానా మళ్ళీ దాని మేకుకు లేదు. ఆ మేకుకు ముప్పావు అంగుళం పానా వేలాడుతోంది. సిద్దిరాములు దాన్ని తీసి, ఉండవలసిన చోట తగిలించి, అర అంగుళందాని కోసం గదంతా వెతికాడు. అది గుడ్డపేలికల డబ్బాలో, గ్రీజు ముద్దలో దొరికింది.

"కండ్లు నెత్తికెక్కినయ్ ఒక్కొక్కనికి," అని గొణుక్కుంటూ దాన్ని కిరసనాయిలులో ముంచి తుడవసాగాడు.

గోడకు నిలువెత్తు చెక్క పలక ఉంది. ఏ పనిముట్టు ఎక్కడ ఉండాలో తెలిసేటట్టు దాని మీద ప్రతి పనిముట్టు ఆకారాన్నీ ఎర్రరంగుతో ఆయనే గీశాడు. పానాకు పానా బొమ్మ, సుత్తెకు సుత్తె బొమ్మ. అక్షరం ముక్క రాని వాడు కూడా చూసి పెట్టవచ్చు. చూసేవాళ్ళు లేరు, అంతే. పన్నెండేళ్ళుగా రోజూ పొద్దున గంటసేపు ఆయన చేసే పని, నిన్నటి తప్పులు దిద్దడం.

యాభై ఏడేళ్ళ మనిషి. ఎండిన మొక్కజొన్న కంకిలా సన్నగా ఉంటాడు. కళ్ళజోడుకు ఒకవైపు కాడ విరిగిపోతే దారం కట్టి చెవికి చుట్టుకున్నాడు. మొలతాడుకు సామాన్ల గది తాళంచెవి. నడిచినప్పుడల్లా అది తొడకు తగిలి చప్పుడవుతుంది. ఆ చప్పుడు వినబడగానే షెడ్డులో బీడీలు ఆరిపోతాయి.

కరీంనగర్‌లో, జగిత్యాలకు పోయే రోడ్డు మీద, చొక్కారావు దొర పెట్టిన మోటారు షెడ్డు అది. ఎక్కువగా లారీలు, జీపులు వస్తాయి. దసరా పోయి రెండు రోజులైంది. షెడ్డు గుమ్మానికి కట్టిన బంతిపూలు ఇంకా వాడలేదు.

కిటికీ దగ్గర హనుమండ్లు నిలబడ్డాడు. ముప్పై ఏళ్ళ మెకానిక్. చేతిలో పని ఉంది, నిలకడ లేదు.

"మామా, జాకీ, పెద్ద సుత్తె, ఛిన్నీ ఇయ్యి. జర జల్దీ."

"ఏం పని?"

"డాక్టరమ్మ కారు. ముందటి షాకబ్జర్లు మార్చాలె."

"షాకబ్జర్లకు పెద్ద సుత్తె ఎందుకురా? కారు బాగుజేస్తవా, బండలు గొడ్తవా?"

"నట్లు తుప్పు వట్టినయ్ గదా. ఛిన్నీ వెట్టి రెండు దెబ్బలేస్తె అవే వస్తయ్."

సిద్దిరాములు సుత్తెనూ ఉలినీ ముట్టుకోలేదు. కిటికీ అరుగు మీద ఒక్కొక్కటే పేర్చాడు. జాకీ. జాకీ ఎత్తాక బండి బరువు మోయడానికి రెండు ఇనుప స్టాండ్లు. తుప్పు గీకే తీగ బ్రష్షు. కిరసనాయిలు సీసా, దానికి కోడి ఈక. నట్టును నాలుగు వైపులా పట్టుకొనే రింగు పానాలు రెండు. నోరు తెరిచిన పానాతో తిప్పితే నట్టు మూలలు అరిగి గుండ్రమైపోతుందని ఆయన ఎన్నిసార్లు చెప్పాడో ఆయనకే లెక్కలేదు.

"నిన్న మాపటీల చెప్తే రాత్రంత కిరసనాయిల్ల నానుతుండె. గిప్పుడు రాయి. గంట ఆగి తిప్పు."

"గంటనా? సాయంత్రం డాక్టరమ్మ పెద్దపల్లి స్టేషన్‌కు పోవాలె. వాళ్ళ అవ్వ వస్తున్నదట." హనుమండ్లు సామాన్లు చూసి, "కొక్కేలేవి?" అన్నాడు.

సిద్దిరాములు పానా తుడుస్తూనే ఉన్నాడు.

ఆ కారు మద్రాసు నుంచి వచ్చిన రెండు తలుపుల చిన్న బండి. జీపులకు ఉన్నట్టు కమాను కట్టలు కావు దాని ముందు చక్రాలకు. ప్రతి షాకబ్జరు చుట్టూ లావుపాటి చుట్టల స్ప్రింగు ఉంటుంది. ఆ స్ప్రింగు బండి బరువు కింద అణిగి కూర్చున్నది. దాన్ని పట్టి ఉంచకుండా పైనట్టు విప్పితే తుపాకీ గుండులా ఎగురుతుంది. అందుకని రెండు కొక్కేలు కావాలి. పొడవునా మర చుట్లు కోసిన మూరెడు ఇనుప కడ్డీ, దాని రెండు చివర్లా వంకీ. స్ప్రింగుకు అటొకటి ఇటొకటి తగిలించి, నట్టు తిప్పుతూ పోతే వంకీలు దగ్గరికి వచ్చి స్ప్రింగును పిండి పట్టుకుంటాయి.

"ఒక్కటే ఉన్నది," అన్నాడు సిద్దిరాములు.

"రెండుండె గద. దసరా నాడు దొరసాని రెండింటికీ బొట్టు వెట్టింది. నేను కండ్లార చూసిన."

"బొట్టు వెడితే చూడీలు మొలుస్తయా?"

రెండో కొక్కెం చూడీలు, అంటే మర చుట్లు, అరిగిపోయాయి, బరువు పడితే నట్టు జారుతుంది. ఆ సంగతి ఆయన చొక్కారావు దొరకు ఉగాదికి చెప్పాడు, రోహిణికార్తెలో చెప్పాడు, బతుకమ్మ నాడు చెప్పాడు. "ఇంకొక్కపాలి నడుస్తది," అన్నాడు దొర మూడుసార్లూ. చెప్పి చెప్పి విసిగి, దసరాకు పనిముట్లన్నీ కడిగి పూజకు పేర్చేటప్పుడు ఆ కొక్కేన్ని తీసి పాతఇనుము గోనెలో వేశాడు. పూజ తప్పిన ఇనుము పాతఇనుమే. పూజలో కూర్చున్న ఇనుమును మళ్ళీ దసరా దాకా పారేయకూడదు, విరగ్గొట్టకూడదు, అమ్మకూడదు. షెడ్డులో అందరూ ఒప్పుకొనే మాట అది.

కానీ పూజకు కూర్చున్న మనోరమ దొరసాని, "జంట సామాను ఒంటిగ ఉండొద్దు. దీని జోడేది?" అని అడిగింది. గోనె కుమ్మరించి తెచ్చారు. ఆమె భక్తిగా, ఇంత పసుపు నీళ్ళలో కలిపి కడ్డీ పొడవునా పూసింది. దాని మీద కుంకుమ అద్దింది. పసుపు ఆరి మరల సందుల్లో సున్నంలా గట్టిపడింది. ఇప్పుడు దాన్ని చూస్తే అరిగినదో కొత్తదో సిద్దిరాములుకే చప్పున తెలియదు.

"నాకు తాళంచెవి ఇయ్యి, నేనే తీసుకుంట," అన్నాడు హనుమండ్లు.

"ఇయ్య."

హనుమండ్లు దొరను పిలుచుకొచ్చాడు. చొక్కారావు తెల్లటి లాల్చీ మడతలు సవరించుకుంటూ కిటికీలోంచి తొంగిచూశాడు.

"ఏంది సిద్దిరాం, పొద్దు పొద్దుగాల లొల్లి?"

"రాజలింగు లేత్ మిషన్ కాడికి పోయి కొత్త కడ్డీ తీపిచ్చుకొస్త దొరా. మధ్యాహ్నం దాక ఆగమనుండ్రి."

"డాక్టరమ్మకు నేను మాటిచ్చిన. గీ ఒక్కపాలికి పాతదే..."

"నేను పోయొస్త," అని సిద్దిరాములు గదికి తాళం వేసి, అరిగిన కొక్కేన్ని తువ్వాలలో చుట్టుకొని బయలుదేరాడు. దొర మాట పూర్తి కాకముందే ఆయన కదలడం అదే మొదటిసారి. చొక్కారావుకు కోపం రావడానికి కూడా వ్యవధి దొరకలేదు.

రాజలింగు లేత్ మిషను ఊళ్ళో గడియార స్తంభం దగ్గర. అక్కడికి పోయేసరికి కరెంటు లేదు. రాజలింగు మిషను మీద కాళ్ళు చాపుకొని వక్క కొరుకుతున్నాడు.

"ఎప్పుడొస్తది?"

"నన్నడుగుతవేందే సిద్దన్నా. కరెంటేమన్న నాకు బిడ్డనిచ్చిన అల్లుడా, చెప్పి వచ్చెతందుకు?"

సిద్దిరాములు గోడ నీడలో గొంతుక్కూర్చున్నాడు. నీడ జరిగినకొద్దీ తానూ జరిగాడు. షెడ్డులో హనుమండ్లు ఈపాటికి ఊరుకొని ఉండడు.

పదమూడేళ్ళ కింద చెన్నూరులో తమ్ముడు కొమురెల్లి కూడా ఇలాగే ఊరుకోలేదు. ఇద్దరూ ఒకే లారీ మీద పనిచేసేవాళ్ళు. తమ్ముడు మెకానిక్, అన్న అతనికి సామాన్లు అందించేవాడు. స్టాండు ఒకటి ఎవరో తీసుకుపోయారు. "రేపు తెచ్చుకుందాం తియ్," అన్నాడు సిద్దిరాములు. "ఇటుకలు వెట్టే అన్నా, చాలు," అన్నాడు కొమురెల్లి. ఇటుకలు మోసుకొచ్చి, ఒకదాని మీద ఒకటి పేర్చింది సిద్దిరాములే. మంచి ఇటుకలు, బాగా కాలినవి ఏరి మరీ తెచ్చాడు. మధ్యలో ఒకటి పగిలింది. తమ్ముడు అరవలేదు. లారీ కింద నుంచి ఒక్క కాలు రెండుసార్లు కదిలింది.

ఆ మరుసటి ఏడు భార్య ఐలవ్వను తీసుకొని కరీంనగర్ వచ్చాడు. మళ్ళీ ఏ బండి కిందికీ వంగలేదు. ఎవరు ఏ బండి కిందికి దూరినా, వాళ్ళ చేతికి ఏ సామాను పోయిందో చూడకుండా ఒక్క పూటా అన్నం తినలేదు. ఐలవ్వ అంటుంది, "నీకు పెండ్లాం ముఖం యాదికుండదు గని, ఏ పానా ఎవనికాడున్నదో యాదికుంటది."

రెండు గంటలు దాటాక కరెంటు వచ్చింది. రాజలింగు మిషనుకు కొత్త కడ్డీ బిగించి మర చుట్లు కోశాడు. పాత కొక్కెం వంకీలు విప్పి కొత్త కడ్డీకి అతికించాడు. కొత్త నట్టు చివర నుంచి చివర దాకా బిగుతుగా, సాఫీగా నడిచింది. సిద్దిరాములు మూడుసార్లు నడిపించి చూసుకున్నాడు. తర్వాత పాత కడ్డీని ముందుకు తోశాడు.

"దీన్ని సగానికి కోయి."

రాజలింగు దాని మీది కుంకుమను చూసి చేతులు వెనక్కి తీసుకున్నాడు. "బొట్టున్నదాన్ని నేను కోయ సిద్దన్నా. దసరా పోయి మూడొద్దులు కాలే. పాపం తగుల్తది."

"రంపం ఇయ్యి. నాకే తగుల్నియ్."

"గోనెల పడేస్తే అయిపోయె గద."

"పడేసిన. లేచొచ్చి బొట్టు వెట్టుకొని కూసున్నది."

ఆయనే కోశాడు. పసుపు పొడిగా రాలింది. సగందాకా కోసేసరికి చెమటతో కళ్ళజోడు జారిపోయింది. దారం తెగింది. జోడును పళ్ళతో పట్టుకొని మిగతా సగం కోశాడు.

షెడ్డుకు వచ్చి, గదిలోంచి రెండో కొక్కేన్ని కూడా తీసుకొని చూసేసరికి అనుకున్నంతా అయింది. కారు ముందు భాగం స్టాండ్ల మీద ఉంది. చక్రాలు తీసేశారు. హనుమండ్లు ఎడ్ల గొలుసు ఒకటి సంపాదించి స్ప్రింగు చుట్టూ బిగించి, పైనట్టుకు పానా తగిలించి ఉన్నాడు. ముఖం సరిగ్గా స్ప్రింగుకు ఎదురుగా పెట్టాడు.

"చెయ్యి తియ్యి," అన్నాడు సిద్దిరాములు.

"నువ్వు మెకానిక్‌వా మామా? సామాన్లిచ్చెటోనివి. ఇచ్చేదేమో ఇయ్యవు, ఇంక చెయ్యనియ్యవు."

సిద్దిరాములు రెండు కొక్కేలనూ తీసుకొని హనుమండ్లుకూ స్ప్రింగుకూ మధ్య నిలబడ్డాడు. మనిషి అడ్డం వచ్చాక పానా తిప్పలేక హనుమండ్లు ఉమ్మేసి పక్కకు జరిగాడు. పదమూడేళ్ళ తర్వాత సిద్దిరాములు ఒక బండి ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. అటొక కొక్కెం, ఇటొక కొక్కెం తగిలించాడు.

"అటు సగం చుట్టు తిప్పు. ఇటు నేను సగం. ఒక్కదిక్కే తిప్పితే వంకరపోతది."

అటు సగం, ఇటు సగం. స్ప్రింగు కిర్రుమంటూ అణిగింది. గొలుసు దానంతట అదే వదులై నేల మీద పడింది. హనుమండ్లు ఆ గొలుసు వైపు ఒకసారి చూసి, చూడనట్టు ముఖం తిప్పుకున్నాడు. పైనట్టు విప్పితే పాత షాకబ్జరు మెత్తగా ఊడి చేతిలోకి వచ్చింది. చేత్తో నొక్కితే దిగి, మళ్ళీ పైకి లేవలేదు. నూనె అంతా కారిపోయి ఉంది. కొత్తది నొక్కితే బిర్రుగా ఎదురు తన్నింది. రెండో వైపు కూడా అలాగే చేశారు.

అయిదింటికి కారు వెళ్ళిపోయింది. గుంతలో దిగి ఒక్కసారే ఊగి నిలదొక్కుకుంది.

"పొద్దంత నీ చాదస్తంతోనే పోయింది," అని హనుమండ్లు చేతులు కడుక్కోవడానికి పోయాడు.

చొక్కారావు తన గదిలోకి పిలిచాడు. "పాతదేది సిద్దిరాం? దొరసాని అడుగుతున్నది."

సిద్దిరాములు తువ్వాల విప్పి రెండు ముక్కలను బల్ల మీద పెట్టాడు. చొక్కారావు వాటిని వేలితో పక్కకు జరిపాడు. కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది.

"లక్ష్మిని కోసినవంటది. నేనేం చెప్పాలె ఇంట్ల?"

"అది మనిషిని కోసేది దొరా."

"కోయలే గద." చొక్కారావు గొంతు తగ్గించాడు. "మా బామ్మర్ది కైలాసం ఖాళీగ ఉన్నడు. రేపటి సంది సామాన్ల గది చూసుకుంటడు. నువ్వు జర ఇంటికాడ ఆరాం దీసుకో. దీపావళి దాక చూద్దాం."

దీపావళి తర్వాత కూడా పిలుపు రాదని ఇద్దరికీ తెలుసు. సిద్దిరాములు మొలతాడు ముడి విప్పడానికి కొంతసేపు పట్టింది. తాళంచెవి బల్ల మీద పెట్టి, "కొత్త కొక్కేనికి వారం వారం నూనె రాయుమనుండ్రి," అని మాత్రం అన్నాడు.

సామాన్ల గదిలోకి తిరిగి వచ్చాడు. హనుమండ్లు సామాన్లన్నీ కిటికీ అరుగు మీద కుప్పపోసి పోయాడు. ఒక్కటీ తుడవలేదు. సిద్దిరాములు విసుక్కుంటూనే ఒక్కొక్కటే తుడిచి, దాని బొమ్మ మీద దాన్ని తగిలించాడు. ఆ తర్వాత, రోజూ పోయేముందు చేసినట్టే, బావిలో నుంచి రెండు బొక్కెనల నీళ్ళు తోడుకొచ్చాడు. పొద్దున పనికి వచ్చేవాళ్ళకు చల్లగా ఉండాలని మూలనున్న మట్టి రంజను నింపాడు. దారం తెగిన కళ్ళజోడును జేబులో వేసుకొని, రోడ్డు మీద తడుముకుంటున్నట్టు మెల్లగా నడుచుకుంటూ వెళ్ళిపోయాడు. నడకకు చప్పుడు లేదు. షెడ్డులో ఎవరి బీడీ ఆరలేదు.

దీపాలు పెట్టే వేళకు కైలాసం వచ్చి, లోపలికి తొంగి కూడా చూడకుండా తాళం వేశాడు. చీకటి గదిలో, మూలన, అంచుల దాకా నిండిన రంజను మీద సత్తు గ్లాసు బోర్లించి ఉంది. రంజను ఒంటినిండా చెమటపట్టి, కింద పోసిన ఇసుక నెమ్మదిగా నల్లబడుతోంది.