హస్తవాసికి లొంగని మొక్క

పుంగనూరు చుట్టుపక్కల దేవేంద్ర హస్తవాసి గురించి తెలియని రైతు లేడు. అతని నర్సరీలో మామిడి అంట్లు కొన్నవాళ్లు డబ్బులిచ్చి ఊరుకోరు. మంచిరోజు చూసుకుని ఆటో పంపించి, తోటలో మొదటి మొక్క అతని చేతే పెట్టించుకుంటారు. అతను తలస్నానం చేసి, నామం దిద్దుకుని, పటంలోని వెంకటేశ్వరస్వామికి దండం పెట్టి వెళ్తాడు. మొక్కను గుంతలో పెట్టి మట్టి నొక్కి, తువ్వాలు, తాంబూలం పుచ్చుకుని వస్తాడు. తరువాత నీళ్లు పోసేది రైతు, ఎరువు వేసేది రైతు, మేకలు మేయకుండా కాపలా కాసేదీ రైతే. పేరు మాత్రం దేవేంద్ర చేతికి. ఎండిపోయిన మొక్కల మాటేమిటని ఎవరూ అడగలేదు. బతికితే దేవేంద్ర పుణ్యం, ఎండితే రైతు పాపం. ఇంత చల్లగా సాగిపోతున్న నమ్మకాన్ని తనే కదిలించుకునేంత అమాయకుడు కాదు దేవేంద్ర. స్వామి ఇచ్చిన చెయ్యి అనుకుని ఊరుకున్నాడు.

కుప్పంలో ఇంజనీరింగు చదువుతున్న కూతురు సింధూజ శ్రావణమాసంలో సెలవులకు వచ్చింది. వచ్చినప్పటి నుంచి ల్యాప్‌టాప్ ముందు తల పట్టుకునే కూర్చుంది. ఆమె, కుప్పంలోని స్నేహితురాలు నాజ్నీన్ కలిసి ఒక ఆట ఆడుతున్నారు. చదరపు దిమ్మెలతో కట్టిన లోకం అది. కొండలు తవ్వొచ్చు, ఇళ్లు కట్టొచ్చు, మొక్కలు నాటొచ్చు. అసలు ఆటలో మొక్క పెడితే చెట్టు దానంతటదే లేచేది. అంత సులువుగా లేస్తే ఏం బాగుంటుందని ఏ దేశంలోనో ఒక మహానుభావుడు ఆ ఆటకు మాడ్ అనే అతుకొకటి వేసి పెట్టాడు. ఆ అతుకు పడ్డాక చెట్టు లేవడం మానేసింది.

"నాయనా, నీ చెయ్యి మంచిదంటారు గదా. ఒకటి నువ్వు పెట్టు," అంది సింధూజ.

ఆ సమయానికి మునిశేఖర్ అక్కడే కాఫీ తాగుతున్నాడు. దేవేంద్రకు బావమరిది. మదనపల్లె దగ్గర టమోటా రైతు. టమోటాతో వేగలేక, పొలమంతా మామిడి పెట్టేద్దామని అంట్లు చూసుకోవడానికి వచ్చాడు. వచ్చే దశమికి బావ చేత్తోనే మొదలుపెట్టాలని అప్పుడే మాట తీసుకున్నాడు కూడా. బల్లి మీద పడితే ప్రయాణం మానుకునే మనిషి.

"ఇదెంత పని," అంటూ దేవేంద్ర మౌసు పట్టుకున్నాడు. మామిడికి ముప్పై అడుగులు ఎడం ఉండాలన్న లెక్కతో, తెర మీద దూరదూరంగా మొక్కలు పెట్టాడు. ఒక్కొక్కటే గోధుమరంగుకు తిరిగి మాయమైంది. కింద ఇంగ్లీషు అక్షరాలు వచ్చాయి.

"ఏమని రాసుండాది పాపా?" అన్నాడు మునిశేఖర్.

"సచ్చిపాయినాయని, మామా."

మునిశేఖర్ గ్లాసు కింద పెట్టాడు. "దశమికి వద్దులే బావా. ఇంకో మంచిరోజు సూద్దాం."

"ఒరే, అది బొమ్మల ఆటరా."

"బొమ్మే గానీ, చెయ్యి నీదే గదా."

అతనెక్కిన బస్సు మదనపల్లె చేరేలోగా కబురు ఊళ్లన్నీ తిరిగింది. మరునాడు ఒక పాత రైతు ఫోన్ చేసి, "మొక్కలు పంపించప్పా, సాలు. పెట్టేది మేమే పెట్టుకుంటాం," అన్నాడు. ఇరవై ఏళ్ల పేరు ఒక్క పూటలో వాడిపోవడం దేవేంద్ర కళ్లారా చూశాడు.

"ఆ పెట్టెలో మొక్క పెరగకపోతే ఇంత దిగులు పడతారా?" అంది భార్య మునిలక్ష్మి.

"ఆ మాటేదో నీ తమ్మునికి చెప్పు."

పోయిన పేరు పోయినచోటే దొరకాలని అతను ఆటకు కూర్చున్నాడు. నీటి పక్కన పెడితే మొక్క కుళ్లింది. దూరంగా పెడితే ఎండింది. ఎడంగా పెడితే ఒంటరిగా ఉందట, నాలుగు కలిపి ఆనించి పెట్టాలట. అలా పెడితే తేనెటీగలు కావాలంది ఆట. స్వామికిచ్చిన హారతిని ల్యాప్‌టాప్‌కు కూడా తిప్పి చూశాడు. సింధూజ నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి పారిపోయింది.

"చెట్టు లేయాలంటే తేనెటీగ రావాల. తేనెటీగ రావాలంటే చెట్టు పుయ్యాల. ఇది రాసినోడు పుట్టి బుద్ధెరిగి వంగనారన్నా నాటినోడు కాదు పాపా," అన్నాడు దేవేంద్ర.

సింధూజ నాజ్నీన్‌కు ఫోన్ కలిపి ఇచ్చింది.

"అన్నీ చేసినా గ్యారంటీ లేదు అంకుల్," అంది నాజ్నీన్. "ఆటలో వానొచ్చినప్పుడల్లా లోపల పాచికలేస్తాది. పడితే లేస్తాది, లేకుంటే లేదు. ఎవరు పెట్టినా అంతే."

దేవేంద్ర మౌసు మీంచి చెయ్యి తీసేశాడు. ఎవరు పెట్టినా అంతే అయితే, తను ఇన్నేళ్లూ పుచ్చుకున్న తాంబూలాలు ఎవరివి? స్వామి పటం వైపు చూశాడు. ఆయన ఎప్పటిలాగే చిరునవ్వుతో ఉన్నాడు. అడిగిన ప్రశ్నకు ఆ నవ్వు ఏం జవాబో తెలియలేదు.

"ఆట నడిచే సర్వర్ నాది అంకుల్. నేను ఈడనుంచి ఒక ఆర్డర్ కొడితే చెట్టు లేస్తాది. కొట్టేదా?"

ఆట అటకెక్కినా పేరు నిలవాలి. "ఇప్పుడొద్దమ్మా," అన్నాడు దేవేంద్ర గొంతు తగ్గించి. "మా బావమరిది వచ్చినాక కొట్టు."

మునిశేఖర్‌ను పిలిపించాడు. అతను చూస్తుండగా నాలుగు మొక్కలు ఆనించి పెట్టాడు. సింధూజ చాటుగా ఫోన్‌లో మెసేజ్ పంపింది. కుప్పంలో నాజ్నీన్ మీట నొక్కింది. చెట్టు లేచింది. ఎంత లేచిందంటే, అమ్మాయిలిద్దరూ నెలంతా కట్టుకున్న మేడను చీల్చుకుని పైకి పోయింది. ఒక కిటికీ కొమ్మకు తగులుకుని వేలాడుతోంది. మునిశేఖర్ రెండు చేతులూ జోడించాడు.

"చెయ్యంటే నీదే బావా. దశమికి వచ్చేయ్."

దశమి పొద్దున దేవేంద్ర మదనపల్లె పొలంలో దిగేసరికి కొబ్బరికాయ, కర్పూరం సిద్ధంగా ఉన్నాయి. చుట్టాలంతా చేరారు. గుంతలు చూసి అతను నిలబడిపోయాడు. పొలం పొడుగునా నాలుగేసి గుంతలు, ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్నాయి.

"ఇదేంది శేఖరా?"

"ఎడంగా పెట్టినవి సచ్చిపాయె, నాలుగు కలిపి పెట్టినవి లేసె. నా కండ్లతో సూస్తిని గదా బావా."

ఇలా పెడితే నాలుగేళ్లకు వేరూ వేరూ పెనుగులాడి ఒక్క చెట్టూ సరిగా కాయదు. టమోటా ముంచగా మిగిలిన పొలం ఇది. మెల్లగా చెబితే వినే రకం కాదు మునిశేఖర్. దేవేంద్ర చుట్టాల వైపు చూశాడు. అందరూ తన చేతివంకే చూస్తున్నారు.

"ఆ చెట్టు లేపింది నేను కాదప్పా," అన్నాడు చివరికి. "కుప్పంలో నాజ్నీన్ అని, మా పాప స్నేహితురాలు, ఆడ కూర్చుని మీట నొక్కింది. నేను పెట్టినవన్నీ సచ్చినాయి. మామిడికి ఎడం కావాల. ఈ గుంతలు పూడ్పించు."

మునిశేఖర్ గుంతల వంక, బావ చేతివంక మార్చి మార్చి చూశాడు.

"అంటే, చెయ్యి ఆ పాపది."

"చెయ్యి ఎవరిదీ కాదురా."

"లేసింది గదా బావా. ఎవరిదో ఒకరిది కావాల." మునిశేఖర్ తువ్వాలు భుజాన వేసుకున్నాడు. "ఆ పాప ఖాళీగా ఉండాదేమో కనుక్కో. కుప్పానికి కారు పంపిస్తా. గుంతల సంగతి గూడా ఆయమ్మనే అడుగుదాం. నీ మాట నమ్మి పూడ్చేది ఏల?"

దేవేంద్ర ఫోన్ తీశాడు. నాలుగడుగులు పక్కకు పోయి, గొంతు తగ్గించాడు.

"అమ్మా నాజ్నీన్, నేను సింధూ వాళ్ల నాయనను. ఇప్పుడు నీతో ఒకాయన మాట్లాడతాడు. మామిడి ఎంత ఎడంలో పెట్టాలని అడుగుతాడు. ముప్పై అడుగులని చెప్పు తల్లీ. గట్టిగా చెప్పు."