పసుపు బెల్టుకి కావలసినవి

“తన్నులు తినడానికి వెళ్తూ బట్టలకి ఇస్త్రీ కూడానా!” అన్నాడు భర్త, సోఫాలోంచి లేవకుండానే.

ఆమె నవ్వింది. ఆ జోకుకి నవ్వడం అది ఎన్నోసారో లెక్కలేదు. తెల్లటి దళసరి చొక్కా కాలరు మీద ఇస్త్రీపెట్టె నడుపుతూ, తెల్లారితే జరగబోయే పసుపు బెల్టు పరీక్షని మనసులో వల్లె వేసుకుంటోంది. వెనక్కి పడటం, పక్కకి పడటం, ముందుకి దొర్లి లేవడం. ఎవరైనా మణికట్టు పట్టుకుంటే విడిపించుకోవడం. అవతలివాళ్ళు చెయ్యి మెలిపెట్టినప్పుడు, నొప్పి మొదలవగానే, ఇక వదలమన్నట్టు రెండుసార్లు మ్యాట్ చరచడం. వీటన్నిటికీ ముందు, ముప్పై క్లాసుల హాజరు.

ఆ హాజరే ఆమె ప్రాణం తీసింది. మిగతావాళ్ళు నాలుగు నెలల్లో ముగించిన ముప్పై క్లాసులకి ఆమెకి ఏడాది దాటింది. అత్తగారి మోకాళ్ళు, చుట్టాల రాకలు, కూతురి పరీక్షలు, భర్త జలుబు... ఏదో ఒకటి సరిగ్గా క్లాసున్న సాయంత్రమే ఊడిపడేది.

నిజానికి జపాను కుస్తీ నేర్పే ఆ జుజుత్సు క్లబ్బులో మొదట చేరింది కూతురు. ఫర్నిచరు షాపు పైన పొడవాటి హాలు. మూడు వారాలకే పిల్లకి విసుగొచ్చి మానేసింది. కూతురి బ్యాగు తెచ్చుకోవడానికి వెళ్ళినరోజు, అక్కడ అందరూ సెన్సే అని పిలిచే గురువుగారు, నెరిసిన జుట్టు పొట్టిగా కత్తిరించుకున్న అరవయ్యేళ్ళావిడ, “రోజూ బయట బెంచీ మీద కూర్చుని లోపలికే చూసేవారు కదా, మీరు రాకూడదూ?” అంది. తను చూస్తోందని ఒకరు చూశారన్నమాట. ఆ ఒక్క ముక్కకే ఆమె చేరిపోయింది.

“ఈ వయసులో దొర్లడాలేమిటమ్మా, నలుగురూ నవ్వరూ?” అంది అత్తగారు. నలుగురి సంగతేమో గాని ఇంట్లో ముగ్గురూ నవ్వారు.

ఆమె ఉద్యోగం రక్తపరీక్షల ల్యాబులో. రోజుకి నలభై మంది చేతులు చాపితే నరం వెతికి సూది గుచ్చుతుంది. గుచ్చబోయే ముందు నలభైసార్లూ ఒకటే మాట: “నొప్పనిపిస్తే చెప్పండి.” ఆ మాట ఆమెతో అన్నవాళ్ళు మాత్రం ఎవరూ లేరు. పెళ్ళైన కొత్తలో మరిగే నూనె కాలి మీద పడితే, చెప్పు తొడుక్కుని బొబ్బ దాచేసి, పన్నెండు మందికి వడ్డించింది. మర్నాడు కుంటుతుంటే గానీ సంగతి బయటపడలేదు. “భూదేవంత ఓర్పు! కోడలంటే ఇలా ఉండాలి” అన్నారు మామగారు. ఆయన పోయి ఏడేళ్ళైనా ఆ మాట ఇంట్లో ఇప్పటికీ తిరుగుతూనే ఉంది. ఎవరు మెచ్చుకున్నా దాన్నే మెచ్చుకుంటారు. ఆమెకున్న ఏకైక సర్టిఫికెట్టు అది. ల్యాబులో కూడా అంతే. సెలవు అడగని మనిషి కాబట్టి, మిగతావాళ్ళు సెలవు పెట్టిన రోజులన్నీ ఆమెవే. “మీరైతే ఏమీ అనుకోరు” అంటాడు మేనేజరు. అనుకోవడానికి తీరిక ఉంటే కదా!

ఆదివారం పొద్దున ఐదింటికే లేచింది. మధ్యాహ్నం భర్త అక్కావాళ్ళు భోజనానికి వస్తున్నారు, పెద్దలూ పిల్లలూ కలిపి ఆరుగురు. కూరగాయలన్నీ తరిగి డబ్బాల్లో సర్ది, బియ్యం కడిగి పెట్టి, “పదకొండుకల్లా వచ్చేస్తాను” అని చెప్పి బయటపడింది.

పరీక్షలో ఆమె జోడీ, క్లాసులో తనతోపాటు నేర్చుకునే ఒక ప్లంబరు. తలుపంత మనిషి, మనసు మాత్రం వెన్న. పట్టుకున్న ప్రతిసారీ “సరేనా అక్కా?” అని అడుగుతాడు. ఆవేళ పరీక్ష కాబట్టి మాట్లాడకూడదు. పడటాలన్నీ చక్కగా పడింది. దొర్లి లేచినప్పుడు సెన్సే తల ఊపడం కనిపించింది. పట్టు విడిపించుకోవడంలో చెయ్యి చేపపిల్లలా జారింది. చివరికి ప్లంబరు ఆమె మణికట్టు మెలితిప్పి మోకాళ్ళ మీదికి దించాడు. నొప్పి మొదలైంది. ఇంకాస్త ఆగగలను, అనుకుంది. ఇది ఒక నొప్పా? గోడ మీది గడియారం పదీ నలభై చూపిస్తోంది. పొయ్యి మీద ముందు ఏది పెట్టాలి, ఆడపడుచు కారం తినదు, పెరుగు సరిపోతుందా... మణికట్టులో ఏదో కటుక్కుమంది.

ప్లంబరు నిప్పు ముట్టుకున్నట్టు వదిలేశాడు. “చరచలేదేంటక్కా!”

“పర్లేదు, ఏం కాలేదు” అంది వెంటనే. ఆ మాట నోట్లో ఎప్పుడూ సిద్ధంగానే ఉంటుంది.

సెన్సే వచ్చి ఎదురుగా కూర్చుంది. వేళ్ళు ఒక్కొక్కటీ కదిపించి, విరగలేదని తేల్చుకుని, మంచుగడ్డల సంచీ కట్టింది. “మిగతావన్నీ చక్కగా చేశారు. బెల్టు మాత్రం ఇవ్వలేను.”

“నేను ఓర్చుకున్నాను కదండీ” అంది ఆమె. దానికి రెండు మార్కులు ఎక్కువే పడతాయని నిజంగానే అనుకుంది.

“ఓర్పుకి ఇక్కడ మార్కుల్లేవమ్మా. మీరు మ్యాట్ చరిస్తే వదలాలని అతనికి తెలుసు. చరచకపోతే ఏం తెలుస్తుంది? బాగానే ఉందనుకుంటాడు. ఇంకా బిగిస్తాడు.” ఆవిడ గొంతులో కోపం లేదు. “మూడు నెలల తరవాత మళ్ళీ రండి.”

బస్సులో ఆమెకి ఏడుపు రాలేదు. సిగ్గేసింది. ముప్పై ఎనిమిదేళ్ళు నేర్చుకున్న ఒకే ఒక్క విద్యలో తప్పినట్టు అనిపించింది.

ఇంటికొచ్చేసరికి చుట్టాలు వచ్చేసి ఉన్నారు. “ఏమైంది, నల్లబెల్టే ఇచ్చేశారా?” అన్నాడు భర్త. అందరూ నవ్వారు.

“పాసవ్వలేదు.”

“పోన్లే, పీడా విరగడైంది. ఇక ఇంటిపట్టున ఉండొచ్చు. పిల్లలు ఆకలంటున్నారు, త్వరగా కానీ.”

వంటింట్లో పొయ్యి వెలిగించింది. పెద్ద గిన్నె ఎత్తబోతే మణికట్టు సహకరించలేదు. గిన్నె ధడాలున గట్టు మీద పడింది. చప్పుడుకి అత్తగారు వచ్చి, వాచిన చేతిని చూసింది. చూసి, చాలా మామూలుగా, తన ఎడమచెయ్యి చాపింది. మణికట్టు దగ్గర ఎముక కాస్త పక్కకి తిరిగి ఉంది. పద్నాలుగేళ్ళుగా ఆమె నూనె రాస్తున్న చెయ్యే. అది పుట్టుకతోనే అంత అనుకుంది ఇన్నాళ్ళూ.

“మీ ఆయన కడుపులో ఉండగా బావి గట్టు మీద జారిపడ్డాను. పదిహేను రోజులు ఒక్కరికి చెప్తే ఒట్టు. ఈ చేత్తోనే ఇంటెడు చాకిరీ చేశాను” అంది అత్తగారు. ఆ ముఖం గర్వంతో వెలిగిపోతోంది. “నువ్వూ నాలాంటిదానివే.”

ఆమె ఆ వంకర ఎముకను చాలాసేపు చూసింది. తరవాత పొయ్యి ఆపేసి, హాల్లోకి వెళ్ళి ఖాళీగా ఉన్న కుర్చీలో కూర్చుంది.

“నా చెయ్యి నొప్పిగా ఉంది. వంట చేయలేను.”

“మాత్ర వేసుకో. అరగంటలో అదే పోతుంది” అన్నాడు భర్త, టీవీ వైపు నుంచి తల తిప్పకుండా.

“తగ్గినా ఇవాళ చేయను.”

ఆడపడుచు ఫోన్లో తల దూర్చింది. భర్త అప్పుడు తిరిగి చూశాడు.

“మరి ఎవరు చేస్తారు?”

ఎగతాళికి అనలేదు. నిజంగానే తెలియక అడిగాడు. పద్నాలుగేళ్ళుగా ఆ ఇంట్లో ఎవరికీ రాని ప్రశ్న అది. ఆమె వాచిన చేతిని ఒళ్ళో పెట్టుకుని, అందరిలాగే తనూ వంటింటి వైపు చూస్తూ కూర్చుంది.