పదిహేడేళ్లుగా వాడని ట్రంపెట్

"'పెద్దగా వాడలేదు' అని రాయి. ధర పలుకుతుంది," అన్నాడు మా ఆయన సాక్సు వెతుక్కుంటూ.

నేను మంచం మీద తెల్లదుప్పటి పరిచి, దాని మీద ట్రంపెట్ పెట్టి ఫొటోలు తీస్తున్నాను. పాత సామాన్లు అమ్మిపెట్టే ఆ యాప్‌లో నాలుగు ఫొటోలు తప్పనిసరట. ఎటు నిలబడ్డా ఇత్తడిలో నేనే పడుతున్నాను, చెదిరిన జుట్టూ చేతిలో ఫోనూ. మూడుసార్లు పక్కకి జరిగి తీశాను.

"తొమ్మిదేళ్లు వాయించాను. వాడలేదంటే అబద్ధం కదా."

"ఎప్పటి మాట అది! పోనీ 'పదిహేడేళ్లుగా వాడలేదు' అని రాద్దాం. అది నిజమేగా." ఆ ముక్క ఆయనే టైపు చేశాడు, ఎందుకంటే అకౌంటు ఆయనది. మా ఇంట్లో కరెంటు మీటరు దగ్గర్నుంచీ అన్నీ ఆయన పేరు మీదే ఉంటాయి. పనులు మాత్రం నా పేరు మీద.

అసలు అమ్మాలన్నది ఎవరి ఆలోచనో చెప్పడం కష్టం. బీరువా పై అరలో ఆ నల్లపెట్టె అడ్డంగా ఉందని ఆయన రెండేళ్లపాటు అని అని, చివరికి ఒకరోజు వడ్డిస్తూ వడ్డిస్తూ "అమ్మేద్దాం లెండి" అన్నాను. "చూశావా, నీకే అనిపించింది," అన్నాడు. నాకు అనిపించేవన్నీ ఇలాగే అనిపిస్తాయి. హాల్లో ఆయన కొనుక్కున్న వ్యాయామం సైకిలుంది. మొదటి నెల దాటాక దాన్ని ఎక్కినవి నేను ఆరేసే తువ్వాళ్లే. అది ఎవరికీ అడ్డం కాదు. అడుగున్నర పెట్టె అడ్డం.

పెళ్లికి ముందు నేను పార్కు బ్యాండులో వాయించేదాన్ని. ఆరుగురు ట్రంపెట్ వాళ్లలో నేనొక్కదాన్నే ఆడపిల్లని. ఆయన వచ్చి ముందు వరసలో కూర్చుని విన్నాడు కూడా, అందరికన్నా ఆఖర్న చప్పట్లు ఆపాడు. అదే చూసి మురిసిపోయాను. కాపురానికి వచ్చాక మా అత్తగారు, "ఆడది బుగ్గలు ఉబ్బించి బాకా ఊదుతుంటే చూడ్డానికేం బాగుంటుందమ్మా," అంది. మామగారికి మధ్యాహ్నం కునుకు పాడవుతుందట. స్టోరు రూములో తలుపేసుకుని, బాకా నోట్లో తువ్వాలు కుక్కి మూడేళ్లు వాయించాను. ఆ తర్వాత అదీ ఆగిపోయింది. ఎందుకు ఆగిందని ఇంట్లో ఎవరూ అడగలేదు. బయటివాళ్లు అడిగితే నేను నోరు తెరిచేలోపు ఆయనే చెప్పేవాడు, "ఆవిడకే ఆసక్తి పోయిందండీ," అని. వినగా వినగా, అదే నిజమేమోనని నాకూ అనుమానం వచ్చేది.

మూడో రోజు ఒక హోటలాయన మెసేజీ పెట్టాడు. ట్రంపెట్‌ని గోడకి బిగించి, లోపల బల్బు పెట్టి దీపం చేయిస్తాడట. అడిగినంతా ఇస్తాడట. మా ఆయన స్నానంలో ఉన్నాడు. నేను ఆ మెసేజీ చెరిపేశాను. ఇరవయ్యేళ్ల కాపురంలో ఆయన ఫోనులో నేను చేసిన మొదటి దొంగతనం అదే. అమ్మక తప్పకపోతే పోనీ, వాయించేవాళ్ల చేతిలో పడితే చాలు. నాకు మిగిలిన కోరిక అదొక్కటే. పైకి చెబితే, "కందకి లేని దురద కత్తిపీటకెందుకు," అనేస్తాడు.

మర్నాడు ఇంకో మెసేజీ వచ్చింది. "వాల్వులు కదులుతున్నాయా? నీళ్లు వదిలే మీట దగ్గర కార్కు బాగుందా?" వాయించే మనిషి తప్ప ఇంకెవరూ అడగని ప్రశ్నలవి. ఆయన నన్ను అడిగి, నేను చెప్పింది విని, "యెస్ బ్రదర్, ఫస్ట్ క్లాస్ కండిషన్ బ్రదర్," అని కొట్టాడు. ఆదివారం పదింటికి వస్తానని జవాబొచ్చింది.

ఆదివారం తలుపు తీస్తే యాభై దాటిన ఒకావిడ నిలబడి ఉంది, భుజాన గుడ్డసంచితో. మా ఆయన ఆవిడ వెనక్కి తొంగిచూశాడు.

"సార్ కింద ఉన్నారామ్మా?"

"ఏ సారు?"

"అదే, ట్రంపెట్ కొంటానన్న బ్రదర్..."

"ఆ బ్రదర్ని నేనే నాయనా. జరుగు, లోపలికి రానీ."

వంటింట్లో మంచినీళ్లు పోస్తున్నదాన్ని, నవ్వాపుకోలేక సగం ఒలకబోశాను. ఆవిడ బస్సు కండక్టరట. డిపో ఉద్యోగుల బ్యాండులో ట్రంపెట్ వాయిస్తుందట. ఆవిడది పాతబడి గాలి కారుతోందట.

కండక్టరమ్మ పెట్టె తెరిచింది. ఊదలేదు. ముందు మూడు వాల్వులనీ వేళ్లతో నొక్కింది. మళ్లీ నొక్కింది. తలెత్తింది.

"ఎన్నేళ్లుగా వాడలేదన్నారు?"

"పదిహేడు," అన్నాడాయన గర్వంగా.

"పదిహేడేళ్లు ఊరికే పడుంటే ఇవి బిగుసుకుపోయి కొయ్యబారతాయి. ఇవి చూడండి, వెన్నలో వేలు దిగినట్టు దిగుతున్నాయి. నూనె ఎవరు వేస్తున్నారు?"

"నూనేంటి, ఎవరూ వెయ్యరండీ. ఆవిడ ఎప్పుడో వాయించేది. పెళ్లయ్యాక ఆవిడకే ఆసక్తి పోయింది."

"ఆసక్తి పోయినవాళ్లు నూనె వెయ్యరు సార్," అంది కండక్టరమ్మ నాకేసి చూస్తూ.

రెండు వారాలకోసారి, ఆయన బయటికెళ్లిన పూట, వాల్వులు ఒక్కొక్కటే విప్పి తుడిచి నూనె వేసేదాన్ని. ఎందుకో నాకే తెలీదు. ఆ మనిషి ముందు దొరికిపోయినట్టు ముఖం వేడెక్కింది, వెంటనే ఎక్కడలేని కోపం వచ్చింది.

"పోయింది ఆసక్తి కాదండీ, పన్ను," అన్నాను.

పెళ్లయిన మూడో ఏట నాకు పైన ముందు పన్ను చిగురు వాచింది. వారంలోగా రా, వేరు బాగుచేస్తే పన్ను నిలుస్తుందని పళ్ల డాక్టరు చెప్పింది. అదే వారం మామగారికి తుంటి ఆపరేషనయింది. ఆయన్ని లేపడం, కూర్చోబెట్టడం, మంచంలోనే అన్నీ చెయ్యడం నా వంతు. "ఇప్పుడా నీ పన్ను గోల? నాన్న లేచి తిరగనీ," అన్నాడు మా ఆయన. మామగారు లేచి తిరిగేసరికి పదకొండు వారాలయింది. అప్పటికి పక్క పన్ను కూడా పోయింది. రెండూ పీకారు. ఏడుస్తుంటే, "నువ్వేమైనా సినిమాల్లో వెయ్యాలా? ఇప్పుడు నీ ముఖం ఎవరు చూస్తారు?" అన్నాడు. సరదాకే అన్నాడు. ఆయన సరదాలన్నీ అలాగే ఉంటాయి. కట్టుడు పళ్లు పెట్టించుకున్నాక ఒక్కసారి స్టోరు రూములోకెళ్లి ఊదాను. ఒట్టి గాలి వచ్చింది. పెట్టె మూసేశాను.

"పన్నుకీ దీనికీ ఏంటి సంబంధం?" అన్నాడు మా ఆయన. నిజంగానే తెలీదు ఆయనకి.

"ఇది ఆనేది ముందు పళ్ల మీదే సార్," అంది కండక్టరమ్మ.

"మరి అప్పుడే చెప్పాలి కదా నువ్వు!"

ఎందుకు చెప్పలేదు? నొప్పి అని చెబితేనే ఆగమన్నారు. బాకా కోసం అని చెబితే ఇల్లంతా నవ్వేది. నొప్పయితే కనీసం మర్యాదగల కారణం. ఆ మర్యాదగల కారణమే చెల్లనప్పుడు రెండోదాన్ని బయటపెట్టి నవ్వులపాలు కావడమెందుకని నోరు మూసుకున్నాను.

కండక్టరమ్మ పైపెదవి వేలితో ఎత్తి చూపించింది. "ఇవీ కట్టుడువే. మా డ్రైవరు సడన్ బ్రేకు వేశాడు, రాడ్డుకి కొట్టుకుని మూడు ఊడొచ్చాయి. మళ్లీ సరిగ్గా పలికించడానికి రెండేళ్లు పట్టింది. వస్తుందని నీకెవరూ చెప్పలేదా అమ్మా?"

"నేనెవర్నీ అడగలేదు," అన్నాను.

అన్నాక ఏడుపొచ్చింది. పళ్లు పీకిన రోజున కూడా అంత ఏడవలేదు. ఇన్నాళ్లూ నాకొక నెపం ఉండేది. వీళ్ల వల్ల పన్ను పోయింది, పన్నుతో పాటు అదీ పోయింది, అనుకుని వంట చేసుకున్నాను, ఆఫీసుకెళ్లాను, సైకిలు మీద తువ్వాళ్లు ఆరేశాను. ఆసక్తి పోయిందన్నది ఆయన చెప్పిన అబద్ధమైతే, అంతా అయిపోయిందన్నది నాకు నేను చెప్పుకున్నది. ఇరవై తొమ్మిదేళ్లకే చచ్చిపోయిందనుకున్నది నలభై ఆరేళ్లొచ్చినా బీరువాలో బతికే ఉందట. ఎవరి మీద పడి ఏడవాలో తెలియలేదు. కండక్టరమ్మ నీళ్ల గ్లాసు నా వైపు జరిపింది.

"సరేలే, అయిపోయినవన్నీ ఇప్పుడెందుకు," అన్నాడు మా ఆయన, ఇబ్బందిగా నవ్వుతూ. "మేడమ్, రేటు ఏమైనా తగ్గించమంటారా?"

నేను పెట్టె మూసి ఒళ్లో పెట్టుకున్నాను.

"అమ్మడం లేదండీ. ఇంత దూరం రప్పించాను, ఏమీ అనుకోకండి."

"ఎందుకనుకోను? ఇలాంటి వాల్వులు మళ్లీ ఎక్కడ దొరుకుతాయి నాకు?" అంటూ కండక్టరమ్మ సంచి భుజాన వేసుకుంది. ఆవిడకి నిజంగానే కష్టంగా ఉందని ముఖం చూస్తే తెలుస్తోంది. గుమ్మం దాకా వెళ్లాను.

"పళ్లు పెట్టించుకున్నాక మొదట్లో ఏం వాయించారండీ?"

"వాయించడమా! నాలుగు నెలలు ఒట్టి గాలే. తర్వాత ఒక్క స్వరం, అది కూడా గేదె అరిచినట్టు. ఇంట్లోవాళ్లు చెవులు మూసుకునేవాళ్లు."

"మా ఇంట్లోవాళ్లూ మూసుకుంటారు లెండి," అన్నాను.