బండోడి నడక

"వెనక్కి చూడొద్దు, తాడు బిగించొద్దు" అని చెబుతూనే పెద్దక్క మలుపు తిరిగింది. వెనక వరసగా ఐదు కుక్కలు, వాటి యజమానులు. ఒక్కో జతకీ మధ్య లారీ పట్టేంత ఎడం. అన్నీ కరిచే బాపతే. ఒకదాన్నొకటి పలకరించకుండా రోజూ కలిసి నడిస్తే వాటి కోపం తగ్గుతుందని ఆవిడ నమ్మకం. మనుషులకూ ఇదే పద్ధతి పెట్టాలని నవ్వించేది.

ఆవిడ పట్టుకున్న కుక్క బండోడు. ఏళ్ల తరబడి లాండ్రీలో దుప్పట్లు పిండిన చేతులు కాబట్టి వాణ్ని ఆపగలిగేది. మొగుడింట్లో ఆవిడా వాడూ ఒకే కర్రతో దెబ్బలు తిన్నారు. గడప దాటిన రోజు ఆవిడ తెచ్చుకున్న ఆస్తి వాడొక్కడే. ఇప్పటికే రెండు కుక్కల్ని చీల్చి చంపాడు. ఇంకోదాన్ని చంపితే వాణ్ని సూదేసి చంపేస్తామని మున్సిపాలిటీ వాళ్లు తేల్చేశారు.

పార్కు గేటులోంచి తెల్లటి చిన్న కుక్క తాడు లేకుండా దూసుకొచ్చింది.

"మాది ఏమీ చెయ్యదండీ" అంటూ వెనక తీరిగ్గా దాని యజమాని.

ఏమీ చెయ్యనిదాన్ని బండోడు గొంతు దగ్గర పట్టాడు. రక్తం ఆవిడ చెప్పుల మీద పడింది. ఆయన తన కుక్క కాళ్లు పట్టి లాగాడు, తోలు చిరిగింది. ఆవిడ మోచేత్తో ఆయన మొహమ్మీద ఒక్కటిచ్చింది.

"లాగితే మాంసం ఊడొస్తుంది. వదలండి."

బండోడి వీపు మీద మోకాలేసి, మెడపట్టీలోకి చెయ్యి దూర్చి మెలిపెట్టింది. ఊపిరాడకపోతే ఏ కుక్కైనా నోరు తెరుస్తుందని అందరికీ నేర్పింది ఆవిడే. వాడు తెరవలేదు. తెల్లకుక్క చస్తే వాడికి సూది ఖాయం.

"వదలరా నాయనా, నీ కోసమేరా" అంటూ ఇంకో మెలిక వేసింది. వాడి గోళ్లు ఆవిడ మణికట్టును చీరేశాయి. మరో మెలిక. నోరు తెరుచుకుంది.

ఆయన కుక్కను చంకనేసుకుని ఆసుపత్రికి పరుగెత్తాడు. అది బతికే ఉంది, కుయ్యోమంటోంది. ఆవిడ పట్టీ వదులు చేసి బండోడి పక్కటెముకల మీద చెయ్యి వేసింది. నొక్కింది. ముక్కులోకి ఊదింది. ఏమీ కదల్లేదు.

వెనక కుక్కలు తాళ్లు తెంపుకునేలా మొరుగుతున్నాయి.

"మీరు నడవండి. ఆగితే ఇంకోటి పోతుంది" అంది తలెత్తకుండా.

వాళ్లు ఎడం చెడకుండా ఒక్కొక్కరే ఆవిణ్ని దాటుకుపోయారు. తన చేతులు మొగుడి చేతుల్లా కనిపించి ఆవిడకు భయమేసింది. వాటిని వాడి బొచ్చులో దాచుకుని ఏడ్చింది.

పక్కనే మట్టిలో ఆ యజమాని జారవిడిచిన తాడు పడి ఉంది, కొత్తది, చుట్ట కూడా విప్పనిది, కొక్కెం మీద దుకాణం వాళ్ల చీటీ ఇంకా అతుక్కునే ఉంది.